మార్కెట్ టైమింగ్ కొలతకు ఏది మేలు: రాబడి లెక్కా, పోర్ట్‌ఫోలియో లెక్కా?

మార్కెట్ పెరిగే ముందు షేర్ల వాటా పెంచడం, పడే ముందు తగ్గించడం మార్కెట్ టైమింగ్. 2017 అక్టోబరులో మ్యూచువల్ ఫండ్ పథకాలను వర్గీకరించినప్పుడు, ఈక్విటీ (షేర్లు), డెట్ (బాండ్ల వంటి రుణ పత్రాలు) వాటాలను తమ అంచనా ప్రకారం మార్చుకునే స్వేచ్ఛను మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ బ్యాలెన్స్‌డ్ అడ్వాంటేజ్ ఫండ్లకు ఇచ్చింది. ఆ స్వేచ్ఛను మేనేజర్ సరైన వేళకు వాడుతున్నాడా అన్నది మొత్తం రాబడిని చూస్తే తేలదు, ఎందుకంటే మంచి షేర్లను ఎంచుకున్నందుకు వచ్చిన లాభమూ, పతనానికి ముందే వాటా తగ్గించినందుకు మిగిలిన సొమ్మూ అందులో కలిసిపోయి ఉంటాయి.

ఈ రెంటినీ విడదీయడానికి 1966లో జాక్ ట్రేనర్, కే మజూయ్ ఒక దారి చూపారు. ఫండ్ రాబడిని సూచీ రాబడితోనే కాక, ఆ సూచీ రాబడిని దానితోనే గుణించగా వచ్చే వర్గంతోనూ (స్క్వేర్) పోల్చి, ఆ సంబంధాన్ని చూపే గీత పైకి వంపు తిరిగితే టైమింగ్ నేర్పు ఉన్నట్టు భావించారు; వారు పరీక్షించిన 57 ఫండ్లలో ఒక్కదానిలోనే చెప్పుకోదగ్గ వంపు కనిపించింది. 1981లో రాయ్ హెన్రిక్సన్, రాబర్ట్ మెర్టన్ వంపును వదిలి, మార్కెట్ పెరిగిన నెలల్లో ఒక బీటా (మార్కెట్ ఒక శాతం కదిలితే ఫండ్ ఎంత కదులుతుందో చెప్పే అంకె), పడిన నెలల్లో మరొక బీటా లెక్కగట్టారు. పెరిగినప్పుడు 0.9, పడినప్పుడు 0.6 ఉంటే, ఆ 0.3 తేడా మేనేజర్ మదుపరికి ఉచితంగా ఇచ్చిన పుట్ ఆప్షన్ (ధర పడినప్పుడు నష్టం నుంచి కాపాడే ఒప్పందం) లాంటిది.

ఈ రెంటిలో నేను రెండోదాన్నే నమ్ముతాను. 2020 మార్చిలో నిఫ్టీ సుమారు 23 శాతం పడింది. 2 శాతం పడిన నెలతో పోలిస్తే ఇది పదకొండున్నర రెట్లు. వర్గం చేస్తే మాత్రం 529కి 4, అంటే 130 రెట్లకు పైగా. అరవై నెలల లెక్కలో ఆ ఒక్క నెలే తీర్పు చెప్పే ప్రమాదం ట్రేనర్–మజూయ్ పద్ధతిలో చాలా ఎక్కువ.

అయినా రాబడి మీదే ఆధారపడే ఈ రెండు పద్ధతులకూ ఉమ్మడి లోపం ఒకటుంది. ఫండ్ కాల్ ఆప్షన్లు (ధర పెరిగితే ఆ లాభం కొన్నవారికి దక్కే ఒప్పందాలు) అమ్మి ప్రీమియం సంపాదిస్తుంటే, మేనేజర్ మార్కెట్ గురించి ఏ అంచనా వేయకపోయినా గీత కిందికి వంగి, టైమింగ్ చెడ్డదన్నట్టు కనిపిస్తుంది. ఆప్షన్ స్వభావమున్న షేర్లు ఇలాంటి దొంగ ఫలితాలిస్తాయని 1986లోనే జగన్నాథన్, కొరాయ్‌చిక్ చూపారు.

అందువల్ల బ్యాలెన్స్‌డ్ అడ్వాంటేజ్ ఫండ్ల విషయంలో రాబడిని కాక ఫండ్ చేతిలో ఉన్న వాటాలనే చూసే పోర్ట్‌ఫోలియో లెక్కే మేలని నా అభిప్రాయం. నెలాఖరు ఈక్విటీ వాటాను తరువాతి నెల సూచీ రాబడి పక్కన పెట్టి, వాటా ఎక్కువున్న నెలల తరువాత మార్కెట్ నిజంగా మెరుగ్గా నడిచిందా అని చూడాలి. ఇక్కడ తీసుకోవలసింది నెట్ ఈక్విటీనే, అంటే హెడ్జ్ పోగా మిగిలిన షేర్ల వాటానే. ఈక్విటీ పన్ను విధానం వర్తించడానికి 65 శాతానికి పైగా షేర్లు ఉంచుకుంటూనే, వాటిలో కొంత భాగాన్ని ఫ్యూచర్లతో హెడ్జ్ చేయడం, అంటే ముందే ధర ఖాయం చేసే ఒప్పందాలు అమ్మి నష్టభయం తీసేయడం, ఈ ఫండ్లలో మామూలే. షేర్లు 68 శాతం, హెడ్జ్ 28 శాతం అయితే మార్కెట్ ఒడిదొడుకులకు నిజంగా లోనయ్యేది 40 శాతమే. పైగా కొత్త పెట్టుబడులు వెల్లువెత్తిన నెలలో నగదు పేరుకుని వాటా దానంతటదే తగ్గుతుంది కనుక, దాన్ని మేనేజర్ నిర్ణయంగా లెక్కించడం అన్యాయం.

ఈ పద్ధతికి నెల మధ్యలో జరిగిన కొనుగోళ్లు, అమ్మకాలు కనబడవు. వాటా పెద్దగా మారని మామూలు ఈక్విటీ పథకాలలోనూ దీనితో తేలేది తక్కువే. అక్కడ రోజువారీ ఎన్ఏవీలతో (ఫండ్ యూనిట్ విలువలతో) హెన్రిక్సన్–మెర్టన్ లెక్క కట్టడమే మంచిది, ఎందుకంటే రోజుల తేడాతో మారే నిర్ణయాలు నెలవారీ అంకెల్లో చాలావరకు కరిగిపోతాయి.