సీసం-204తోనే నా తగువు

పాత కంచు వస్తువుల్లో సీసం ఏ గనిదో తెలుసుకోవడానికి దాని ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలు, కొలుస్తాం. అందుకు మా ల్యాబ్‌కి ఎంసీ-ఐసీపీ-ఎంఎస్ (శాంపిల్‌ని ఆర్గాన్ గ్యాస్ ప్లాస్మాలో అయాన్లుగా మార్చి, బరువుల వారీగా లెక్కించే యంత్రం) వచ్చి చాలా ఏళ్లయింది. వేగం సంగతి అందరికీ తెలిసిందే. ఫిలమెంట్ అనే సన్నటి లోహపు తీగ మీద శాంపిల్ బొట్టు ఆరబెట్టుకుంటూ కూర్చున్న టిమ్స్ (పాత కొలత పద్ధతి) రోజులు తలుచుకుంటే ఇప్పుడు పని ఇట్టే తెమిలిపోతోంది. నా తగువల్లా సీసం-204తో.

మొత్తం సీసంలో అది 1.4 శాతమే. యురేనియం, థోరియం క్షయమై సీసం-206, 207, 208లకు కొత్తగా చేరుతూనే ఉంటుంది. 204కి ఏమీ చేరదు. ఖనిజం ఏ కాలానిదో తేల్చడానికి అందుకే అది కావాలి. కానీ అదే బరువులో పాదరసం-204 కూడా ఉంటుంది. పాదరసం-202 సిగ్నల్ చూసి, అందులో సుమారు 0.23 వంతును 204 సిగ్నల్ నుంచి తీసేస్తాం. మామూలుగా అయితే అంతే.

ఒక వేసవిలో అది చాలలేదు. ఐసోటోపుల విలువలు ముందే తెలిసిన నిస్ట్ 981 సీసం స్టాండర్డ్‌లో 206/204 నిష్పత్తి 16.94 దగ్గర నిలవాలి. మాకేమో పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇంకొకటి. విచిత్రమేమంటే 207/206, 208/206 మాత్రం ఇసుమంత కదల్లేదు. కోన్లు మార్చాం, శాంపిల్‌ని తుంపరగా మార్చే నెబ్యులైజర్ కడిగాం, యాసిడ్ మళ్లీ డిస్టిల్ చేశాం. చివరికి శాంపిల్ లేకుండా వట్టి గ్యాస్ మీద 202 చూస్తే సిగ్నల్ కొండంత! కొత్తగా దిగిన ఆర్గాన్‌లోనే ఉంది పాదరసం. దాని సర్టిఫికెట్‌లో తేమ, ఆక్సిజన్, నైట్రోజన్ ఉన్నాయి. పాదరసం ఊసే లేదు. ఇంత ఖరీదైన యంత్రానికి అమ్మే గ్యాస్‌లో ఆ ఒక్క అంకె రాయకపోవడం నాకిప్పటికీ మింగుడుపడదు. లైన్‌లో పాదరసాన్ని పట్టేసే బంగారు పూత ఇసుక ఫిల్టర్ పెట్టాకే కుదుటపడింది.

నేపాల్ బంగారు పూత విగ్రహాలతో ఇంకో చిక్కు. ఆ పూత పాదరసంతో వేసిందే. డ్రిల్ చేసేటప్పుడు వచ్చే పైతురుము పారేసి, లోపలి ఎర్రటి లోహం తగిలాకే శాంపిల్ తీసుకోవాలి.

యంత్రం బరువైన ఐసోటోపులను కాస్త ఎక్కువగా లెక్కించే తేడాని థాలియం కలిపి సరిచేసే పద్ధతిని ఒకప్పుడు తెగ మెచ్చుకున్నాను. ఇప్పుడూ మెచ్చుకుంటాను, కాకపోతే యంత్రానికి పెట్టే ముందే కలపాలి. సీసంతో కలిపి వెలుతురులో ఉంచితే థాలియం ఆక్సీకరణ చెంది లెక్క తప్పిస్తుంది.

మాకొచ్చేవి ఎక్కువగా దక్షిణాది కంచు విగ్రహాలు, సీసం దండిగా ఉండేవి. పురాతన లోహాల పరిశోధకురాలు శారదా శ్రీనివాసన్ గారు 1999లో ప్రచురించిన నూరుకు పైగా విగ్రహాల కొలతల పక్కన పెట్టి చూసుకుంటాం. ఆ పనికి ఈ యంత్రం బాగా సరిపోయింది. సీసం జాడగా మాత్రమే ఉన్న రాగి వస్తువులు వచ్చే ల్యాబ్ అయితే నేను టిమ్స్‌ని వదులుకోమనను. ఒకటి మాత్రం యంత్రం ఎంత మంచిదైనా మారదు: సీసం విడిగా కలిపిన కంచులో ఈ అంకెలు చెప్పేది సీసం గని గురించే, రాగి గని గురించి కాదు.