ఆఫీసుకి ఇంటర్నెట్ తీసుకునేవాళ్ళు జాగ్రత్త: రెండు కనెక్షన్లున్నా రెండూ ఒకేసారి పోయాయి

ఆఫీసుకి హైస్పీడ్ ఇంటర్నెట్ పెట్టించుకోబోతున్నవాళ్ళు సంతకం చేసే ముందు ఒక్కసారి ఇది చదవండి. మేం పడ్డ ఇబ్బంది ఇంకొకరు పడకూడదనే రాస్తున్నాను.

మాది పన్నెండు మంది పనిచేసే డిజైన్ ఆఫీసు. పెద్ద పెద్ద ఫైళ్ళు క్లయింట్లకి పంపడమే రోజంతా పని. ‘బిజినెస్ ప్లాన్, 300 ఎంబీపీఎస్’ అంటే నమ్మి తీసుకున్నాం. తీరా చూస్తే ఆ 300 డౌన్‌లోడ్‌కి మాత్రమే, అప్‌లోడ్ 30. నాలుగు జీబీల ఫైలు రెండు నిమిషాల్లో వెళ్ళిపోతుందనుకుంటే, దాదాపు 18 నిమిషాలు పట్టేది. అదీ మిగతావాళ్ళు నెట్ ముట్టుకోకుండా ఉంటేనే. సాయంత్రమైతే ఆ 30 కూడా వచ్చేది కాదు. అడిగితే ప్లాన్‌లో ‘అప్ టు’ అని ఉంది కదా అన్నారు. ఒకే ఫైబర్‌ని చుట్టుపక్కల ఎన్నో కనెక్షన్లకి పంచుతారు, అందరూ ఒకేసారి వాడితే మన వాటా తగ్గిపోతుంది. బిజినెస్ ప్లాన్ అని పేరు పెట్టినంత మాత్రాన లీజ్డ్ లైన్ అయిపోదు. లీజ్డ్ లైన్‌లో చెప్పిన స్పీడ్ అంతా మనకే, అప్‌లోడ్‌కీ డౌన్‌లోడ్‌కీ సమానంగా ఉంటుంది. ధర బాగా ఎక్కువన్నది నిజమే.

ఇదంతా ఎలాగో సర్దుకున్నాం. అసలు దెబ్బ తర్వాత తగిలింది.

ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని వేరే కంపెనీ నుంచి రెండో కనెక్షన్ తీసుకున్నాం. ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి, క్లయింట్‌కి ఫైనల్ ఫైళ్ళు పంపుతుండగా అంతా ఆగిపోయింది. వెళ్ళి చూస్తే గోడకున్న రెండు బాక్సుల్లోనూ ‘లాస్’ లైటు ఎర్రగా కొట్టుకుంటోంది. ఫైబర్‌లో సిగ్నల్ రావట్లేదని దానర్థం. రోడ్డు తవ్వుతూ కేబుల్ తెంపేశారట. రిపేరుకి వచ్చిన అబ్బాయి చెప్పేదాకా మాకు తెలీదు: కంపెనీలు రెండైనా, లైన్లు రెండూ ఒకే పైపులోంచి వస్తున్నాయి. మర్నాడు మధ్యాహ్నానికి గానీ నెట్ రాలేదు. ఆ క్లయింట్ మళ్ళీ మాకు పని ఇవ్వలేదు.

నష్టపరిహారం అడిగితే ఎస్ఎల్ఏ, అంటే సర్వీసు ఎలా ఉంటుందో కంపెనీ రాసిచ్చే హామీ పత్రం, చూడమన్నారు. అందులో అప్‌టైమ్, అంటే నెట్ పనిచేస్తూ ఉండాల్సిన సమయం, 99.5 శాతం. వినడానికి బాగానే ఉంటుంది కానీ లెక్కేస్తే నెలకి 3 గంటల 36 నిమిషాలు నెట్ లేకపోయినా వాళ్ళ తప్పు కాదు. 99.9 అయితే అది 43 నిమిషాలకి తగ్గుతుంది. నెట్ అంతకంటే ఎక్కువసేపు పోయినా ఇచ్చేది పోయిన గంటల అద్దె మాత్రమే, మన పని నష్టం కాదు. ‘4 గంటల్లో స్పందన’ అని రాసిన చోట కూడా మోసపోకండి. స్పందన అంటే ఫోన్ ఎత్తి కంప్లయింట్ రాసుకోవడం. ఎన్ని గంటల్లో బాగుచేస్తారో విడిగా రాసి ఉండాలి, లేకపోతే రాయించుకోండి.

రెండో లైన్ తీసుకుంటే అది బిల్డింగ్‌లోకి ఏ దారిన వస్తుందో మనిషిని పంపించి చూపించమనండి. మేమిప్పుడు ఒకటి ఫైబర్, ఇంకొకటి వైర్‌లెస్ పెట్టుకున్నాం. నెలకోసారి ఫైబర్ వైరు పీకి, రెండోది తనంతట తాను అందుకుంటుందో లేదో చూస్తున్నాం. మొదటిసారి పీకినప్పుడు అందుకోలేదు, రూటర్ సెట్టింగే తప్పుగా ఉంది. పని మధ్యలో కాకుండా అప్పుడే తెలియడం మంచిదైంది.

ఆ పాత రెండో లైన్ మాత్రం ఇంకా వదల్లేదు. గడువు ఏడు నెలలుంది. మధ్యలో మానేస్తే మిగిలిన నెలల అద్దె మొత్తం కట్టాలని ఒప్పందం చివరి పేజీలో ఉంది, మేం అది సంతకం పెట్టాక చూశాం. మీరు ముందు ఆ పేజీ తిప్పండి.