1963 స్టింగ్ రే, 1967 స్టింగ్ రే: రెండూ నడిపాక

మా పక్కింటి పెద్దాయన షెడ్డులో రెండు షెవ్రొలే కార్వెట్ స్టింగ్ రే కూపేలు, అంటే కప్పున్న రెండు తలుపుల స్పోర్ట్స్ కార్లు, ఉన్నాయి. ఒకటి 1963ది, ఇంకోటి 1967ది. రెండూ అమెరికాలో మేముండే ఈ సెయింట్ లూయిస్ ఊళ్లోని ఫ్యాక్టరీలోనే తయారయ్యాయి. పోయిన శనివారం తాళాలు రెండూ నా చేతిలో పెట్టి నడిపి చూడమన్నారు.

ముందు 63 తీశాను. దీనికి అంత పేరు రావడానికి కారణం వెనక అద్దం. అద్దాన్ని నిలువునా రెండు ముక్కలు చేస్తూ నడిమధ్యన ఒక పట్టీ ఉంటుంది. కప్పు మీద మొదలైన గీత ఆ పట్టీ మీదుగా తోక దాకా జారిపోతుంది. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు నాకు. ఈ పట్టీ ఉండాల్సిందేనని డిజైన్ విభాగం అధిపతి బిల్ మిచెల్ పట్టుబట్టాడు. వెనకేముందో కనబడదని ఇంజనీరు జోరా ఆర్కస్-డంటోవ్ మొత్తుకున్నాడు. చివరికి 1964 మోడల్‌లోనే తీసేశారు. హైవే ఎక్కిన అయిదు నిమిషాల్లో డంటోవ్ బాధ నాకూ అర్థమైంది. వెనకొస్తున్న పికప్ సరిగ్గా ఆ పట్టీ చాటునే ఉండిపోయింది, తల పక్కకి వంచితే గానీ కనబడలేదు.

అయినా అద్దానికి అలవాటు పడొచ్చు. బ్రేకులకి నేను అలవాటు పడలేకపోయాను. 63కి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే, అంటే చక్రంతో తిరిగే డబ్బాని లోపల్నించి ఒత్తి ఆపేవి. ఊరి దక్షిణాన కొండ దిగుతూ మూడు మలుపుల్లో వరసగా తొక్కేసరికి డ్రమ్ములు వేడెక్కి పట్టు సడలింది. నాలుగోసారి కారు ఎడమకి లాగింది. పెడల్ మీద కాలు ఇంకా గట్టిగా అదిమి, గేరు తగ్గించి ఎలాగో దిగాను. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

అదే కొండ మీదికి 67 తీసుకెళ్లాను. 1965 నుంచి నాలుగు చక్రాలకీ డిస్కు బ్రేకులు, అంటే చక్రంతో తిరిగే పళ్లేన్ని రెండువైపులా పట్టి ఆపేవి, వచ్చాయి. అవే మలుపుల్లో తొక్కిన ప్రతిసారీ ఒకేలా, తిన్నగా ఆగింది. ఇంజిన్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ రెండు కార్లలోనూ 327 ఘనపు అంగుళాల, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్, 300 హార్స్‌పవర్, నాలుగు గేర్లు. మూడో గేరులో కాలు నొక్కితే ఆ గుర్రుమనే మోత రెండింట్లోనూ ఒళ్లు ఝల్లుమనిపిస్తుంది. వెనక చక్రాలు దేనికది విడిగా ఆడే సస్పెన్షన్ 63తోనే మొదలైంది కాబట్టి, గతుకుల్లో కూడా పెద్ద తేడా తెలియలేదు.

చిన్న చిన్నవాటిలోనూ 67దే పైచేయి. హ్యాండ్ బ్రేక్ సీట్ల మధ్యకి వచ్చింది, 63లో డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి వెతుక్కోవాలి. 63 బానెట్ మీదున్న రెండు జాలీలు ఉత్త అలంకారం, వాటిలోంచి గాలి పోదు. 67 బానెట్ నున్నగా ఉంది. డిక్కీ మూత మాత్రం రెండింటికీ లేదు, సంచీ పెట్టాలన్నా సీటు ముందుకి వంచి లోపల్నించే తోయాలి.

సాయంత్రం తాళాలు ఇస్తూ 67కే నా ఓటన్నాను. పెద్దాయన నవ్వి, 63ని షెడ్డులో పెట్టే ముందు ఒకసారి హెడ్‌లైట్లు వేసి చూపించారు. మోటారు సన్నగా మూలిగింది. ముక్కులో దాక్కున్న దీపాలు నాలుగూ మెల్లగా తిరిగి ముందుకొచ్చాయి. ఇంకోసారి వెయ్యమని అడిగాను.