ఫ్లైట్‌గేర్, జేఎస్‌బీసిమ్: విమానం తీరుని మన చేత్తో సరిచేసుకోవాలంటే ఇదే

ఫ్లైట్ సిమ్యులేటర్‌లో విమానం చూడ్డానికి బాగుంటే చాలనుకునేవాళ్లకి ఈ రివ్యూ అక్కర్లేదు. అసలు విమానంలాగే ఎగరాలి, ఎగరకపోతే తేడా ఎక్కడుందో తెరిచి చూసుకోవాలి అనుకుంటే మాత్రం నా ఓటు ఫ్లైట్‌గేర్ సిమ్యులేటర్‌కే, అందులోనూ విమానం ఎలా ఎగరాలో లెక్కగట్టే జేఎస్‌బీసిమ్ ఫ్లైట్ మోడల్‌కే. రెండూ ఉచితం, రెండూ ఓపెన్ సోర్స్. ఊరికే వస్తోందని చులకనగా చూడకండి, 2015లో నాసా కొన్ని సిమ్యులేషన్ల లెక్కలు పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడు వాటిలో జేఎస్‌బీసిమ్ కూడా ఉంది.

నాకు బాగా నచ్చింది, ఏదీ దాచకపోవడం. బరువు, గురుత్వ కేంద్రం, రెక్క వైశాల్యం, చక్రాలు, లిఫ్ట్ (రెక్క పైకి లేపే బలం), డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) అన్నీ మామూలు ఎక్స్ఎంఎల్ టెక్స్ట్ ఫైల్లో కనబడతాయి, ఇంజిన్‌కీ ప్రొపెల్లర్‌కీ వేరే ఫైళ్లు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి, అంకె మార్చి, సేవ్ చేసి మళ్లీ ఎగరేయడమే. ఉదాహరణకి సెస్నా 172పీ అనే చిన్న విమానం ఫైల్లో నేలకి దగ్గరైనప్పుడు డ్రాగ్ ఎంత తగ్గాలో చెప్పే చిన్న టేబుల్ ఉంటుంది. రెక్క పొడవుతో పోలిస్తే ఎంత ఎత్తులో ఉన్నామో ఒక వరుస, డ్రాగ్‌ని ఎంతతో గుణించాలో ఇంకో వరుస. నేలకి ఆనుకుంటే దాదాపు సగానికి పడిపోతుంది, రెక్క పొడవంత ఎత్తుకి వెళ్లేసరికి మళ్లీ మామూలే. వైజాగ్ రన్‌వే మీద దించేటప్పుడు విమానం కిందకి దిగనని తేలుతూ పోతుంటే కారణం ఆ టేబుల్లోనే ఉంది, ఇది చూశాక ల్యాండింగ్ అంటే ఏమిటో నాకు ఇంకా బాగా అర్థమైంది.

ఇప్పుడు మన వైజాగ్‌వాళ్లు తప్పకుండా పట్టించుకోవాల్సిన సంగతి. ఆ సెస్నా పైలట్ హ్యాండ్‌బుక్ ప్రకారం పూర్తి బరువుతో సముద్రమట్టం దగ్గర నిమిషానికి 700 అడుగులు ఎక్కాలి. కానీ ఆ అంకె 15 డిగ్రీల ప్రామాణిక వాతావరణానికి. లైవ్ వెదర్ (బయట ఉన్న అసలు వాతావరణం) ఆన్ చేసి మే నెల మధ్యాహ్నం 35 డిగ్రీల్లో వైజాగ్ నుంచి లేస్తే, గాలి పల్చబడి విమానానికి అది సుమారు 2,400 అడుగుల ఎత్తులో ఉన్నట్టే, కాబట్టి తక్కువే ఎక్కుతుంది, ఎక్కాలి కూడా. ఇది చూసి మోడల్ తప్పనుకుని ఇంజిన్ పవర్ పెంచేస్తే ఇక అంతే, చల్లటి రోజున హ్యాండ్‌బుక్‌ని దాటి ఎక్కేస్తుంది, క్రూయిజ్ స్పీడూ (నిలకడగా ప్రయాణించే వేగం) పాడవుతుంది. అందుకే టెస్ట్ చేసేటప్పుడు వాతావరణం ప్రామాణికంగా పెట్టండి, గాలి వేగం సున్నా చేయండి, బరువు సరిచూడండి, ఆ తర్వాతే అంకెల జోలికి వెళ్లండి.

మార్చేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చాలి. పవర్ సరిగ్గా ఉండి కూడా లెవెల్లో (ఎత్తు మారకుండా) ఆ సెస్నా గరిష్ఠ వేగం 123 నాట్లు దాటిపోతుంటే కనీస డ్రాగ్ (లిఫ్ట్ లేకున్నా ఉండేది) చూడండి. వేగం బాగానే ఉండి ఎక్కడంలోనే తేడా వస్తే లిఫ్ట్‌తో పాటు పెరిగే డ్రాగ్‌నీ, ప్రొపెల్లర్ ఫైల్‌నీ చూడాలి. ముక్కు పైకీ కిందకీ ఊగుతూ కుదురుకోకపోతే పిచ్ డ్యాంపింగ్ (ఆ ఊగుడిని అణిచే అంకె) తక్కువైందని అర్థం. పిచ్ స్థిరత్వం (ముక్కు దానంతటదే సర్దుకునే గుణం) అంకె ముందు మైనస్ గుర్తు ఎగిరిపోయిందా, విమానం గాల్లోకి లేవగానే పల్టీ కొడుతుంది, ఫైల్లో మాత్రం ఎర్రర్ ఏదీ రాదు.

లోపాలు లేవని కాదు. అడుగులు, అంగుళాలు, స్లగ్‌లు (ఇంగ్లీషు కొలతల్లో ద్రవ్యరాశి యూనిట్) కలిసిపోయి ఉంటాయి, ఇంజినీరింగ్ చదివినవాళ్లకే కాస్త టెన్షన్ పెడతాయి. మాన్యువల్ పెద్దదే గానీ కొత్తవాళ్లని చేయి పట్టుకుని నడిపించదు. ఇంత ఓపిక లేనివాళ్లకి ఫ్లైట్‌గేర్‌లోనే యాసిమ్ అనే ఇంకో ఫ్లైట్ మోడల్ ఉంది, రెక్కల కొలతలూ ల్యాండింగ్, క్రూయిజ్ వేగాలూ ఇస్తే మిగతాది అదే లెక్క వేసుకుంటుంది. త్వరగా పని అవుతుంది, కానీ ఇలా ఒక్కో గుణకాన్ని పట్టుకుని సరిచేసే వీలుండదు. ఎక్స్-ప్లేన్ అనే ఇంకో సిమ్యులేటర్‌లో విమానాలు తయారుచేసే ప్లేన్ మేకర్ కూడా మంచిదే, దానికి డబ్బు పెట్టాలి.

బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం మ్యూజియం చూసొచ్చి, దాన్నే చేసేద్దామని మొదలుపెట్టకండి. నాలుగు ఇంజిన్లు, ఒక్కోదానికి వ్యతిరేక దిశల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు, సరిపోల్చుకోవడానికి చేతిలో హ్యాండ్‌బుక్కూ ఉండదు. హ్యాండ్‌బుక్ దొరికే చిన్న విమానం తీసుకుని, ఏరోమ్యాటిక్ అనే టూల్‌లో బరువు, రెక్క పొడవు, ఇంజిన్ వివరాలు ఇచ్చి మొదటి ఫైల్ తయారు చేయించుకోండి, సరిచేయడం అక్కణ్నుంచి మొదలుపెట్టొచ్చు.