హార్స్‌లీ హిల్స్ ప్రార్థనా రిట్రీట్: బ్లూటూత్ స్పీకరు లేకుంటే ఐదు స్టార్లు ఇచ్చేదాన్ని

మదనపల్లె దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటేనే చలి తగిలింది. కొండ ఎత్తు దాదాపు 1,265 మీటర్లు. స్వెట్టర్ తెచ్చుకోమని నిర్వాహకులు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు మాత్రం మనిషికి ఒక బకెట్టే.

రెండో రోజు తెల్లవారుజామున పాస్టరుగారు మమ్మల్ని కొండ అంచుకు తీసుకెళ్లి, బైబిల్లోని 19వ కీర్తన చదివి, అరగంట ఎవరూ మాట్లాడొద్దన్నారు. మొదటి పది నిమిషాలు నా ధ్యాసంతా టిఫిన్ మీదే. తర్వాత మంచు విడిపోతూ కింద ఊళ్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆకాశం మాటల్లేకుండానే దేవుని గురించి చెబుతుందనే ఆ కీర్తనను సండే స్కూల్లో బట్టీపట్టాను. ఇన్నేళ్లకు అది విన్నాను. అమ్మ పోయాక ఏమీ అడగకుండా ప్రార్థనలో కూర్చోవడం అదే మొదటిసారి.

మధ్యాహ్నం 1859లో నాటారని చెప్పే 'కల్యాణి' యూకలిప్టస్ చెట్టు చూడ్డానికి వెళ్లాం. ఎంత చక్కటి చోటు! అక్కడా బ్లూటూత్ స్పీకరులో పాటలు పెట్టేశారు. గాలికి ఆకులు చేసే చప్పుడు చాలదా?

భోజనం మామూలే, రాగిసంకటి మాత్రం అదుర్స్. మనిషికి 2,400 రూపాయలు. స్పీకరు ఇంట్లో వదిలేసి వస్తామంటే, ఈసారి అత్తమ్మను కూడా తీసుకెళ్తా.