600 వాట్ల ఇంపాక్ట్ డ్రిల్ కిట్: మిషన్ తీసుకోవచ్చు, పెట్టెలో మిగతా సరుకు చూసి మాత్రం కాదు

ఇంట్లో చిన్న చిన్న పనులు సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్లకి హార్డ్‌వేర్ షాపులో ముందు చూపించేది ఇదే. 13 ఎంఎం చక్ (బిట్‌ని పట్టుకునే మూతి), 600 వాట్ల మోటార్, వైరుతో నడిచే ఇంపాక్ట్ డ్రిల్ (తిరుగుతూనే దెబ్బ కూడా కొట్టేది), దాంతోపాటు ప్లాస్టిక్ పెట్టెలో వంద దాకా బిట్లు, ప్లగ్గులు (స్క్రూ పట్టడానికి గోడ కన్నంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టాలు), స్క్రూలు, ఒక సుత్తి, టేపు, చిన్న రసమట్టం. చాలా కంపెనీలు దాదాపు ఇదే కూర్పుతో అమ్ముతున్నాయి, రంగులే తేడా. అందుకని ఈ సమీక్ష ఒక కంపెనీ సరుకు గురించి కాదు, ఈ రకం కిట్ గురించి.

ముందు తీర్పు చెప్పేస్తే: మిషన్ బాగుంది, పదేళ్లు ఇంటి పనులకి సరిపోతుంది. పెట్టె నింపడానికి వేసిన వాటిలో గోడ బిట్లు, ప్లగ్గులు బాగా నాసిరకం. కొత్తగా డ్రిల్ పట్టినవాళ్లు "గోడ గట్టిది", "నాకు చేతకాలేదు" అనుకునే సందర్భాల్లో సగానికి సగం తప్పు ఈ రెండింటిదే. అదే మిషన్ కిట్ లేకుండా విడిగా దొరికితే అది తీసుకుని, మిగిలిన డబ్బుతో 6, 8 ఎంఎం గోడ బిట్లు రెండు మంచివి కొనుక్కోవడం మేలు.

డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసే అంకె "నిమిషానికి 44,800 దెబ్బలు". దాని లెక్క ఇది: లోపల పళ్లున్న రెండు ఉక్కు బిళ్లలు ఒకదానికొకటి ఆని తిరుగుతాయి. పన్ను మీద పన్ను ఎక్కి దిగిన ప్రతిసారీ బిట్ ఒక కుదుపుతో ముందుకి వెళ్తుంది. 2,800 చుట్లు, చుట్టుకి 16 పళ్లు, రెండూ గుణిస్తే ఆ అంకె. వినడానికి ఘనంగానే ఉంటుంది గానీ, ఆ కుదుపు మిల్లీమీటరు కూడా ఉండదు, దాని వెనక బలం మీ చెయ్యి నొక్కినంతే. కాంక్రీట్ పనికి వాడే రోటరీ హామర్ అనే పెద్ద మిషన్ నిమిషానికి నాలుగైదు వేల దెబ్బలే కొడుతుంది, కానీ పిస్టన్ గాలిని నొక్కి ఆ గాలి కొట్టే దెబ్బలవి. వెనకనుంచి ఒత్తక్కర్లేదు. కాబట్టి దెబ్బల సంఖ్య చూసి మిషన్లని పోల్చకండి.

ఇటుక గోడ మీద ఈ కుదుపు చాలు. 6 ఎంఎం కన్నం 40 ఎంఎం లోతుకి పదిపదిహేను సెకన్లలో దిగిపోతుంది. చిక్కు వచ్చేది కిటికీ పైన. కర్టెన్ రాడ్ బిగించడానికే చాలామంది డ్రిల్ కొంటారు, కిటికీ పైన ఉండేది లింటెల్, అంటే కాంక్రీట్ దూలం. అక్కడ ఈ మిషన్‌తో 6 ఎంఎం కన్నం పడుతుంది, కాస్త ఓపిక కావాలి. 8 ఎంఎం అంటే చేతులు లాగుతాయి. "కాంక్రీట్‌లో 13 ఎంఎం" అని డబ్బా మీద రాసినా, 10 దాటితే దీంతో ఆ పని పెట్టుకోకండి. స్లాబుకి సీలింగ్ హుక్కులు, పెద్ద యాంకర్ బోల్టులు లాంటివి ఉంటే ఆ ఒక్క రోజుకీ రోటరీ హామర్ అద్దెకి తెచ్చుకోండి.

కాంక్రీట్‌లో బిట్ సాఫీగా దిగుతూ ఒక్కసారిగా ఆగిపోయి, తెల్ల పొడి బదులు సన్నగా లోహపు రజను వస్తే కింద ఇనుప చువ్వ తగిలినట్టు. ఇంకా నొక్కితే బిట్ మొన అరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. 25, 30 ఎంఎం పక్కకి జరిగి కొత్త కన్నం వేయండి.

ఇప్పుడు బిట్ల సంగతి. గోడ బిట్ మొనకి టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్క ఒకటి అతికించి ఉంటుంది. కిట్‌లో వచ్చే బిట్లలో రెండు లోపాలు. మొదటిది, ఆ అతుకు వేడికి తట్టుకోదు. కాంక్రీట్‌లో ఆపకుండా అర నిమిషం నొక్కితే మొన నీలంగా మారి కార్బైడ్ ముక్క ఊడి కన్నంలో ఉండిపోతుంది. ఐదారు సెకన్లకోసారి తిరుగుతుండగానే బిట్‌ని వెనక్కి లాగితే పొడి బయటపడుతుంది, మొన చల్లబడుతుంది. రెండోది అంత తేలిగ్గా కంటికి కనిపించదు: ముక్కని సరిగ్గా మధ్యలో అతికించరు. అలాంటి 6 ఎంఎం బిట్ కొట్టేది ఆరున్నర కన్నం. అందులో 6 ఎంఎం ప్లగ్ చేత్తో తోస్తేనే దిగిపోతుంది, స్క్రూ బిగిస్తుంటే దాంతోపాటు గిరగిరా తిరుగుతుంది. కొనేముందు బిట్‌ని చక్‌లో పెట్టి నెమ్మదిగా తిప్పి చూడండి. మొన చుక్కలా నిలబడితే మంచిది, సున్నా చుడుతుంటే పక్కన పెట్టేయండి.

ప్లగ్గుల్లో గట్టి, గాజులా పెళుసుగా ఉండే ప్లాస్టిక్‌వి పనికిరావు. స్క్రూ ఎక్కుతుంటే విచ్చుకోవాల్సింది పోయి నిలువునా చీలిపోతాయి. గోరుతో నొక్కితే కొంచెం లొంగే నైలాన్ ప్లగ్గులు కొనుక్కోండి. మామూలు 6 ఎంఎం నైలాన్ ప్లగ్ 30 ఎంఎం పొడవు ఉంటుంది, దానికి 4 నుంచి 5 ఎంఎం స్క్రూ. 8 ఎంఎం ప్లగ్ 40 పొడవు, స్క్రూ నాలుగున్నర నుంచి 6. కిట్‌లో స్క్రూలు చాలావరకు మూడున్నర ఎంఎం సన్నవి. 6 ఎంఎం ప్లగ్‌లో అవి వదులుగా తిరుగుతాయి, ప్లగ్ విచ్చుకోదు, మర్నాడు ఒంటి చేత్తో లాగితే ఊడొస్తుంది. కిట్ కట్టినవాళ్లు ఈ రెండింటినీ ఒక చోట పెట్టి చూశారా అని అనుమానం రాక మానదు.

ఒక షెల్ఫ్ బ్రాకెట్ బిగించడం తీసుకుంటే పని ఇలా సాగాలి. గోడ మీద లప్పం, ప్లాస్టరింగ్ కలిపి 12 నుంచి 20 ఎంఎం దాకా ఉంటుంది. ఆ భాగం బరువు మొయ్యదు. 30 ఎంఎం ప్లగ్ పెడితే సగం ప్లాస్టరింగ్‌లోనే ఉండిపోతుంది, అందుకే పుస్తకాల షెల్ఫ్‌కి 8 ఎంఎం ప్లగ్. బ్రాకెట్‌ని గోడకి ఆనించి పెన్సిల్‌తో గుర్తు పెట్టి, గుర్తు మీద మేకుతో చిన్న గుంట కొట్టండి, లేకపోతే మొదట్లో బిట్ జారి లప్పం మీద గీత పడుతుంది. మిషన్ పక్క పిడికి ఉన్న లోతు కడ్డీని బిట్ మొన కంటే 55 ఎంఎం వెనక బిగించండి. కన్నం ప్లగ్ కంటే 10, 15 ఎంఎం ఎక్కువ లోతు ఉండాలి, అడుగున చేరే పొడికి, ప్లగ్ దాటి వచ్చే స్క్రూ మొనకి ఆ చోటు కావాలి. మొదట హామర్ గుర్తు ఆఫ్ చేసి (అంటే మిషన్ మీది మీటని దెబ్బ లేకుండా తిరిగేలా మార్చి), నెమ్మదిగా ప్లాస్టరింగ్ దాటనివ్వండి. ఇటుక తగలగానే హామర్ ఆన్ చేయండి. మొదటి నుంచే దెబ్బతో వేస్తే కన్నం చుట్టూ పెచ్చు ఊడిపోతుంది.

కన్నంలో పొడి తియ్యడం చాలామంది ఎగ్గొట్టే పని. పొడి మీద ప్లగ్ కూర్చుంటే గోడని పట్టదు. రబ్బరు బల్బుతో గాని, వాక్యూమ్ క్లీనర్‌తో గాని తీయండి. నోటితో ఊదితే తిన్నగా కళ్లలోకి వస్తుంది. ప్లగ్‌ని సుత్తితో మెల్లగా తడితే ఒక్కో దెబ్బకి కొద్దికొద్దిగా దిగాలి. స్క్రూ పొడవు లెక్క: ప్లగ్ పొడవు, బ్రాకెట్ మందం, దానికి స్క్రూ మందమంత అదనం. 40 ప్లగ్, 3 ఎంఎం బ్రాకెట్, 5 ఎంఎం స్క్రూ అయితే 50 ఎంఎం స్క్రూ సరిపోతుంది.

కన్నం పెద్దదైపోతే అగ్గిపుల్లలు కుక్కడం మానండి, అవి ఆరి కుంచించుకుపోతాయి. తర్వాతి సైజు బిట్‌తో పెంచి పెద్ద ప్లగ్ వెయ్యడమే దారి.

డొల్ల ఇటుకలకి, తేలిక బ్లాకులకి హామర్ అసలు వాడకండి. డొల్ల ఇటుకలో లోపలి సన్నటి గోడలు విరిగి ప్లగ్‌కి పట్టు మిగలదు. తేలిక బ్లాకులో కన్నం తనంతట తనే వెడల్పయిపోతుంది. వాటి ప్లగ్గులు వేరు, కిట్‌లో ఉండవు.

టైల్స్ మీద కూడా హామర్ గుర్తు ఆఫ్‌లోనే ఉండాలి, ఇందులో మినహాయింపు లేదు. కిట్‌లో బల్లెం మొనలాంటి బిట్ ఒకటో రెండో ఉంటే వంటగది గోడకి వేసే మామూలు సిరామిక్ టైల్‌కి పనికొస్తాయి. గుర్తు మీద మాస్కింగ్ టేప్ అంటించి, ట్రిగ్గర్ మీదున్న చక్రం తిప్పి వేగం బాగా తగ్గించి, మధ్యమధ్యలో నీళ్లు చిలకరిస్తూ వెయ్యాలి. విట్రిఫైడ్ టైల్ అయితే ఆ బిట్ గీతలు గీస్తుంది తప్ప దిగదు. దానికి డైమండ్ హోల్ బిట్ కావాలి. మొదట కొంచెం వంచి పట్టి అంచు కొరికించి, గాడి పడ్డాక నిటారుగా చెయ్యాలి. టైల్ దాటాక గోడ బిట్‌కి మారండి. ఇంకో మాట: ప్లగ్ తల టైల్ మందం దాటి లోపలికి పోవాలి. టైల్‌లోనే ఉండిపోతే స్క్రూ బిగించినప్పుడు ప్లగ్ విచ్చుకుని టైల్‌ని పగలగొడుతుంది. డ్రిల్ చేసేటప్పుడు నిలిచిన టైల్ స్క్రూ బిగిస్తుంటే చిట్లిందంటే కారణం ఇదే.

చెక్క బిట్లు ఫర్వాలేదు, మధ్యలో ముల్లు ఉండటంతో జారవు. 4 ఎంఎం స్క్రూకి ముందు రెండున్నర, గట్టి చెక్కయితే 3 ఎంఎం కన్నం వేసుకుంటే చెక్క చీలదు. ఇనుముకి ఇచ్చిన బిట్లతో పల్చటి రేకు వరకే. నెమ్మది వేగం, ఒక ఆయిల్ బొట్టు.

స్క్రూలు బిగించడానికి మాత్రం ఈ మిషన్ సరైనది కాదు. ఇందులో క్లచ్ ఉండదు, స్క్రూ ఆగినా మోటార్ ఆగదు. తల అరగడమో, మెడ విరగడమో జరుగుతుంది. తప్పనిసరైతే హామర్ ఆఫ్ చేసి, అతి తక్కువ వేగంలో బిగించి, చివరి రెండు మూడు చుట్లు చేతి స్క్రూడ్రైవర్‌కి వదిలేయండి. బిట్ ఎంపిక కూడా చూసుకోవాలి. స్క్రూ తల మీద ప్లస్ గీతల మధ్య సన్నటి అదనపు గీతలు ఏటవాలుగా కనిపిస్తే అది పోజీడ్రైవ్, దానికి పీజెడ్ 2 బిట్. ఆ గీతలు లేకపోతే ఫిలిప్స్, పీహెచ్ 2. కిట్‌లో రెండు రకాలూ కలిసిపోయి ఉంటాయి, కానీ బిట్ పక్కన అక్షరాలు చెక్కి ఉంటాయి.

మిగతా సామాన్లలో సుత్తి ఫోటో మేకులకి చాలు, అంతకుమించి ఆశించకండి. టేపు కొస కొక్కెం వదులుగా కదులుతుంటే లోపం అనుకుని వంచేయకండి. లోపలి కొలతకీ బయటి కొలతకీ కొక్కెం మందమంత తేడా రాకుండా కావాలనే అలా వదులుతారు. రసమట్టాన్ని మాత్రం పరీక్షించకుండా నమ్మొద్దు: బల్ల మీద పెట్టి బుడగ ఎక్కడుందో చూసి, దాని అటు కొస ఇటు వచ్చేలా తిప్పి అదే చోట పెట్టండి. బుడగ వేరే చోట ఆగితే అది ఆట వస్తువే. ఈ తరగతి కిట్లలో ఈ తేడా అరుదేమీ కాదు.

జాగ్రత్తల్లో కళ్లద్దాలు, ధూళి మాస్కు ఎలాగూ ఉండాలి. చేతికి వదులు గ్లౌజులు వేసుకోకూడదు, తిరిగే చక్ వాటిని లాక్కుంటుంది. ట్రిగ్గర్ పక్కన లాక్ బటన్ ఉంటుంది, గోడ పనిలో దాని జోలికి వెళ్లకండి. బిట్ ఇరుక్కుంటే మిషనే గిర్రున తిరుగుతుంది, లాక్ వేసి ఉంటే ట్రిగ్గర్ వదిలినా ఆగదు, మణికట్టు మెలిపడుతుంది. పక్క పిడి తప్పక బిగించుకోవాలి. స్విచ్ బోర్డుకి నిటారుగా పైనా కిందా, అడ్డంగా ఇరుపక్కలా, కుళాయికి పైనా కిందా కన్నం వెయ్యకండి. వైర్లు, పైపులు నడిచే దారులవి. ఎక్స్‌టెన్షన్ చక్రం వాడితే వైరంతా విప్పేయండి, చుట్టి ఉంటే లోపల వేడెక్కి కరుగుతుంది. మిషన్ వైరు కొసన ఉన్న కరెంటు ప్లగ్‌కి ఎర్త్ పిన్ లేదని కంగారు పడక్కర్లేదు, మిషన్ మీద చదరంలో చదరం గుర్తు ఉంటే అది డబుల్ ఇన్సులేషన్ మిషన్.

ఇక మన్నిక. తక్కువ వేగంలో ఎక్కువసేపు బరువు మీద నడిపితే లోపలి ఫ్యాన్ సరిగా తిరగక మోటార్ వేడెక్కుతుంది. ఒళ్లు వేడిగా తగిలితే ఒక నిమిషం ఖాళీగా పూర్తి వేగంలో తిప్పండి, చల్లబడుతుంది. చక్‌ని మూడు కన్నాల్లోనూ కీ పెట్టి బిగించాలి. ఒక్కదాంట్లోనే బిగిస్తే బిట్ ఒక పక్కకి ఒరిగి, జారుతూ అరుగుతుంది. గాలి రంధ్రాల్లోంచి నిప్పురవ్వలు మామూలు కంటే ఎక్కువగా కనిపించి, మిషన్ ఆగి ఆగి తిరుగుతుంటే కార్బన్ బ్రష్‌లు (మోటార్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కలు) అరిగినట్టు. పక్కన స్క్రూ మూతలున్న మోడల్ అయితే ఐదు నిమిషాల్లో రెండూ కలిపి మార్చుకోవచ్చు. మూతలు లేకపోతే ఒళ్లంతా విప్పాలి, కొనేటప్పుడే ఇది గమనించండి.

చక్ మార్చాల్సి వస్తే దవడలు పూర్తిగా తెరిచి లోపలికి చూడండి, అడుగున ఒక స్క్రూ ఉంటుంది. రివర్స్ తిరిగే మిషన్లలో దాని మర ఎడమవాటం, కాబట్టి విప్పడానికి గడియారం ముల్లు తిరిగే దిక్కుకే తిప్పాలి. మామూలు అలవాటుతో రెండో వైపు బలంగా తిప్పితే తల తెగి లోపలే ఉండిపోతుంది.