వెనక బ్రేకు పట్టని ట్రయల్స్ బండికి సిరంజి వైద్యం

రేటింగు ముందే చెప్పేస్తాను. బ్రేకు గొట్టంలో చిక్కిన గాలిని కిందినుంచి పైకి తీసే రివర్స్ బ్లీడింగ్ సిరంజి కిట్‌కి 5కి 4. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిలుని నెట్టే చిన్న పంపు) సీల్ కిట్ బాగానే ఉంది కానీ నాకు దానితో అసలు పనే లేదని తర్వాత తెలిసింది, అది దాని తప్పు కాదు. డిస్కుని నొక్కి పట్టే బ్రేకు ప్యాడ్లకి మాత్రం రేటింగు ఇవ్వను, ఎందుకంటే ఆ కొత్త ప్యాడ్లని పాడుచేసింది నేనే. మూడూ ఒకే జబ్బు కోసం ఒకదాని తర్వాత ఒకటి కొన్నవి. సిరంజి కిట్ ముందు కొని ఉంటే మిగతా రెండూ కొనేవాణ్ణి కాదు.

జబ్బు ఏంటంటే, బండి బయటికి తీసిన ప్రతిసారీ మొదట్లో పెడల్ మీద బూటు ముక్కు ఆనిస్తే చాలు, వెనక చక్రం టక్కున ఆగేది. ఓ అరగంట రాళ్ళ మీద తిప్పాక పెడల్ మెత్తబడేది, ఇంకాసేపటికి కాలు మొత్తం వేసి తొక్కినా చక్రం లాక్ కాకుండా ఈడ్చుకుంటూ తిరిగేది. కాసేపు పక్కన పెడితే మళ్ళీ మామూలే. ఇక్కడే నాకు బుర్ర వెలగాల్సింది, వెలగలేదు.

రోడ్డు బండ్లు నడిపేవాళ్ళకి ఇదంత పెద్ద విషయంలా అనిపించకపోవచ్చు, వాళ్ళకి ముందు బ్రేకే ప్రాణం. ట్రయల్స్‌లో లెక్క వేరు. 70 కిలోల దాపు బండి, కూర్చోడానికి సీటన్నదే లేదు, పెగ్గుల మీద నిలబడి నడక వేగంలో బండరాళ్ళు ఎక్కాలి. వెనక చక్రం కదలకుండా ఉంటేనే ముందు చక్రాన్ని లేపి పక్కకి వేయగలం. కాలు ఒకసారి నేలకి ఆనితే 1 పాయింటు, సెక్షన్ (గుర్తులు పెట్టిన అడ్డంకుల దారి) దాటలేకపోతే 5, ఎవరికి తక్కువ పాయింట్లు వస్తే వాళ్ళే గెలిచినట్టు. నాకు వెనక బ్రేకు పుణ్యమా అని ఐదులే ఐదులు.

అందరిలాగే నేనూ ముందు ప్యాడ్ల మీద పడ్డాను. విప్పి చూస్తే ముఖాలు అద్దంలా మెరుస్తున్నాయి, గోటితో గీకినా గీత పడట్లేదు. దొంగ దొరికాడు అనుకున్నాను. ట్రయల్స్ కోసమే అని పెట్టె మీద రాసి ఉన్న ఆర్గానిక్ ప్యాడ్లు తెప్పించాను. వాటి గురించి ఒక మంచి మాట చెప్పాలి: మొదటిరోజు పట్టు అద్భుతం. రేసు బండ్ల ప్యాడ్లు కొన్ని వేడెక్కితేనే సరిగ్గా పడతాయి, మన ఆటలో బ్రేకు అంత వేడెక్కే సందర్భమే తక్కువ, కాబట్టి చల్లగా ఉన్నప్పుడే కొరికే రకం కావాలి, ఇవి అలాంటివే. లోహపు పొడితో చేసే సింటర్డ్ రకం బురదలో ఎక్కువ కాలం మన్నుతుంది, నిజమే, కానీ మొదటి పట్టు నాకు వీటిలోనే నచ్చింది.

రెండో రోజు సాయంత్రానికి మళ్ళీ అదే కథ. ప్యాడ్లు తీసి చూస్తే కొత్తవి కూడా అద్దాలే. చైన్ స్ప్రే చిమ్మి డిస్కు మీద పడుతోందేమో అనుకుని ఓ రోజంతా దాన్ని తిట్టుకున్నాను, డిస్కుని బ్రేక్ క్లీనర్‌తో కడిగాను, గార్డు కూడా తుడిచాను. ఇంకో సంగతి, అప్పుడు పట్టించుకోలేదు: ఆ సాయంత్రం బండి ఆపాక డిస్కు దగ్గర చెయ్యి పెడితే సెగ కొట్టింది. వెనక డిస్కు 150 మి.మీ. దాపుల్లో ఉండే చిన్న పళ్ళెం, మెల్లగా రాళ్ళెక్కే బండిలో అది అంత వేడెక్కిందంటే ఎక్కడో ఏదో రాసుకుంటున్నట్టే కదా! స్టాండు మీద పెట్టి చక్రం తిప్పితే తిరుగుతోంది, కాస్త బరువుగా. కొత్త ప్యాడ్లు కదా, సర్దుకుంటాయిలే అనుకున్నాను.

తర్వాత సీల్ కిట్. మాస్టర్ సిలిండర్‌లో కప్పు సీల్ అరిగితే ప్రెషర్ పక్కనుంచి జారిపోయి పెడల్ మెత్తబడుతుంది, ఇది నిజంగానే జరిగేదే, అందుకే కొన్నాను. పిస్టను, రెండు సీళ్ళు, స్ప్రింగు, సర్‌క్లిప్పు, దుమ్ము రాకుండా రబ్బరు బూటు, అన్నీ సరిపోయాయి. సర్‌క్లిప్ ప్లయర్ లేకుండా ఈ పనికి దిగొద్దు, సన్న స్క్రూడ్రైవర్‌తో తీద్దామని చూస్తే క్లిప్పు ఎగిరి గోడకి కొట్టుకుంది. సీళ్ళకి గ్రీజు కాదు, కొత్త బ్రేక్ ఆయిలే పూయాలి, పెదవి ప్రెషర్ వైపు ఉండాలి. తీసిన పాత సీళ్ళు చూస్తే శుభ్రంగా ఉన్నాయి, ఒక్క గీత లేదు. అయినా కొత్తవే వేశాను. ఇక్కడ నా జాగ్రత్త చూడండి: పెడల్ నుంచి వచ్చి పిస్టన్‌ని నెట్టే పుష్ రాడ్ పొడవు విప్పేముందే వెర్నియర్‌తో కొలిచి రాసుకుని, మళ్ళీ సరిగ్గా అదే పొడవుకి బిగించాను. అంటే తప్పుని కూడా కొలిచి మరీ తిరిగి పెట్టానన్నమాట.

ఇక సిరంజి కిట్. అందులో 60 మి.లీ. సిరంజిలు రెండు, పారదర్శక ట్యూబు, కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) మీద గాలి వదలడానికి ఉండే నిప్పిల్‌కి తగిలించే అడాప్టర్లు రెండు. మామూలు పద్ధతిలో పెడల్ తొక్కుతూ కాలిపర్ నిప్పిల్ నుంచి గాలి తీస్తాం, ఆయిలు పైనుంచి కిందికి వస్తుంది. గాలి బుడగకేమో పైకి పోవాలని ఉంటుంది. రివర్స్ పద్ధతిలో కాలిపర్ నిప్పిల్‌లోంచి ఆయిలుని లోపలికి నెడతాం, అది గొట్టం వెంట మాస్టర్ సిలిండర్‌కీ, అక్కడినుంచి ఆయిలు నిల్వ ఉండే డబ్బాలోకీ ఎక్కుతుంది, బుడగలు వాటికి నచ్చిన దారిలోనే పోతాయి. ట్రయల్స్ బండి వెనక మాస్టర్ సిలిండర్ చాలా చిన్నది, పెడల్ కదిలేదీ కొంచెమే, కాబట్టి చిన్న పూసంత బుడగ ఉన్నా తొక్కిన తొక్కుడంతా దాన్ని నలపడానికే సరిపోతుంది.

పని మొదలుపెట్టేముందు ప్యాడ్లు తీసి పక్కన పెట్టాలి, ఒక్క చుక్క ఆయిలు పడినా అవి పోయినట్టే. పిస్టన్ల మధ్య శుభ్రమైన చెక్కముక్క పెట్టాలి, లేకపోతే సిరంజి ప్రెషర్‌కి అవి బయటికొచ్చేస్తాయి. కాలిపర్‌ని బోల్టులు తీసి, గొట్టం లాగకుండా, నిప్పిల్ అన్నిటికంటే పైన ఉండేలా పట్టుకోవాలి. బండి మీద బిగించినప్పుడు చాలా వాటిలో నిప్పిల్ పై కొసన ఉండదు, దాని పైన ఓ మూలలో గాలి నిక్షేపంగా కూర్చుని ఉంటుంది. నిప్పిల్‌ని పావు చుట్టు వదిలితే చాలు. ముందుగా సిరంజితో పాత ఆయిలు కొంచెం వెనక్కి లాగాను, తుప్పు రంగులో వచ్చింది. లాగుతున్నంతసేపూ బుడగలు వస్తూనే ఉంటాయి, కంగారు పడకండి, అది నిప్పిల్ మర సందుల్లోంచి వచ్చే బయటి గాలి. మరకి కాస్త గ్రీజు పూస్తే తగ్గింది.

తర్వాత కొత్త ఆయిలు ఎక్కించడం. నేను డబ్బా దగ్గర రెండో సిరంజి పట్టుకుని కూర్చున్నాను, ఆ డబ్బా గుక్కెడు కూడా పట్టనంత చిన్నది, చూస్తుండగానే పొంగిపోతుంది కాబట్టి పైనుంచి లాగేస్తూ ఉండాలి. కింద మా తమ్ముడు.

"అన్నా, ఇది దిగట్లేదు. బిగుసుకుపోయింది."

"గట్టిగా నొక్కరా."

వాడు గట్టిగానే నొక్కాడు. ట్యూబు నిప్పిల్ నుంచి ఊడిపోయి ఆయిలు వాడి చొక్కా మీదా, స్వింగార్మ్ మీదా, నేల మీదా. కళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నాడు కాబట్టి సరిపోయింది. బ్రేక్ ఆయిలు పెయింటుని తినేస్తుంది, వెంటనే నీళ్ళతో కడిగాం. కిట్‌కి నేను తగ్గించిన ఒక్క మార్కు ఇందుకే, ట్యూబుని పట్టి ఉంచే క్లిప్పు ఒక్కటి వేసి ఉంటే ఏం పోయేది? తర్వాత సన్న వైరుతో చుట్టి కట్టాం.

రెండోసారీ దిగలేదు. అప్పుడు వాడే అడిగాడు, "అన్నా, పెడల్ పూర్తిగా పైకి వచ్చిందా అసలు?"

వచ్చింది. నాకు కావలసిన చోటికే వచ్చింది. కొన్ని వారాల కిందట బూటుకి అందట్లేదని పెడల్ ఎత్తు మార్చుకున్నాను. పెడల్ ఆగే బోల్టు ముట్టుకోకుండా, పుష్ రాడ్ ఒక్కటే తిప్పి. దాంతో కాలు తీసినా రాడ్డు పిస్టన్‌ని కొంచెం నొక్కే ఉంచుతోంది. మాస్టర్ సిలిండర్‌లో, డబ్బాకి దారి తీసే చోట, గుండుసూది మొనంత సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. పిస్టను పూర్తిగా వెనక్కి వస్తేనే అది తెరుచుకుంటుంది. అది మూసుకుపోయే ఉంటే, ఆయిలు వేడెక్కి వ్యాకోచించినా డబ్బాలోకి పోయే దారి లేదు, ఆ ప్రెషర్ ప్యాడ్లని డిస్కుకి ఇంకా నొక్కుతుంది, రాపిడికి ఇంకా వేడి, ప్యాడ్లు అద్దాలవుతాయి, చివరికి పాత ఆయిల్లో నీరు మరిగి పెడల్ మెత్తబడుతుంది. చల్లారితే మళ్ళీ మామూలు. నా బండి అరగంట కథంతా ఇదే! డబ్బాలోకి పోలేని ఆయిలు సిరంజికి అడ్డం తిరిగింది కాబట్టి తెలిసింది, లేకపోతే ఈపాటికి కొత్త కాలిపర్ కొనేసేవాణ్ణి.

లాక్ నట్టు వదులు చేసి, రాడ్డు తిప్పి, పిస్టన్‌ని తాకేముందు 1 మి.మీ. దాకా వదులు ఉండేలా పెట్టాను. పెడల్ కొన దగ్గరికి వచ్చేసరికి అది కొన్ని మిల్లీమీటర్లు అవుతుంది. మీ బండి మాన్యువల్‌లో అంకె ఉంటే అదే పట్టుకోండి. పెడల్ ఎత్తుని ఆగే బోల్టుతో సరిచేసి, మళ్ళీ ఆ వదులు (ఫ్రీ ప్లే) చూసుకున్నాను. సిరంజి ఈసారి వేలితో నొక్కితే దిగిపోయింది, డబ్బాలో మూడు పెద్ద బుడగలు, వెనకే సన్నటి నురగ.

ఆయిలు సంగతి ఒక్క మాట. ప్రమాణం ప్రకారం డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, అదే 3.7 శాతం నీరు పీల్చుకున్నాక 155 దాకా ఆగితే చాలు. ఈ ఆయిలు గాల్లో తేమని పీలుస్తూనే ఉంటుంది కాబట్టి సగం వాడి మూలన పడేసిన ఆయిలు సీసా వాడకండి. మూత మీద మినరల్ ఆయిల్ అని ఉన్న సిస్టమ్‌లో డాట్ ఆయిలు పోయకండి, సీళ్ళు పాడవుతాయి. గాలి పోవడానికి లీవర్‌ని నొక్కి రాత్రంతా కట్టి ఉంచే చిట్కా ముందు బ్రేకుకి ఎప్పుడైనా పనిచేసిందేమో కానీ, వెనక పెడల్‌కి కట్టి చూశాను, పొద్దున ఏ తేడా లేదు.

అద్దాలైన ప్యాడ్లని పారేయలేదు. చదునైన గాజు పలక మీద ఎమరీ కాగితం పరిచి, ముఖం మొత్తం మసకబారేదాకా రుద్దాను, డిస్కునీ అదే కాగితంతో తేలిగ్గా గరుకు చేసి క్లీనర్‌తో తుడిచాను. తర్వాత చదును నేల మీద, బ్రేకు కొంచెం ఆనించి నడుపుతూ, ఆగి చల్లారనిస్తూ, మళ్ళీ నడుపుతూ ఓ పావుగంట. పట్టు మొదటిరోజంత కాకపోయినా దానికి దగ్గరగా వచ్చింది. రెండు గంటలు తిప్పాక కూడా బూటు ముక్కుకే చక్రం ఆగుతోంది, చక్రం చేత్తో తిప్పితే తేలిగ్గా తిరుగుతోంది.

ఒక్కటి మాత్రం మిగిలింది. ఎదురు ఎత్తులో ముందు చక్రం పైకి పెట్టి ఆపినప్పుడు బండి వెనక్కి ఒక చిన్న జారు జారి, టక్‌మని ఆగుతుంది. ప్యాడ్లని పట్టి ఉంచే పిన్ను దగ్గర వదులుంది, చేత్తో కదిపితే తెలుస్తోంది, అది సిరంజితో పోయేది కాదు. పిన్ను అరిగిందో, బ్రాకెట్టే అరిగిందో వెర్నియర్‌తో కొలిచాకే ఈసారి ఏదైనా కొంటాను. మా తమ్ముడికి చొక్కా మాత్రం ఈ వారమే కొనాలి.